భూతకాలమున ‘అడుగు’ ధాతువు

మేమెరిగిన యొక తరగతిలో నొకనాడు ఒక బాలుడు లేచి, “అయ్యా, నేను నిన్ననే అడిగిన” అని పలికెను. తోడివారు పకపక నవ్విరి. “అడిగాను” అనుటయే ఒప్పని వారి తలంపు. ఆ బాలుడు సిగ్గుపడి కూర్చుండెను. పిమ్మట చాల దినములు ఏమియు అడుగడయ్యెను. అతడు పలికినది తప్పా? ఈ ప్రశ్నకు వ్యాకరణమే ఉత్తరము చెప్పగలదు. కావున ‘అడుగు’ అను ధాతువు భూతకాలమున నెట్లు మారునో విచారింతము.

చిన్నయసూరి బాలవ్యాకరణము బోధించు గ్రాంథికభాషలో దీని రూపములివి: నేను అడిగితిని, నీవు అడిగితివి, వాడు అడిగెను, మేము అడిగితిమి, మీరు అడిగితిరి, వారు అడిగిరి.

కోస్తా వాడుకలో: అడిగాను, అడిగావు, అడిగాడు, అడిగింది, అడిగాము, అడిగారు.

తెలంగాణపు వాడుకలో: అడిగిన, అడిగినవు, అడిగిండు, అడిగింది, అడిగినము, అడిగిన్రు.

మూడింటను ‘అడుగు’లోని ‘డు’ ‘డి’గా మారినది, పని గడచిపోయినదని తెలిసినది, తుది ప్రత్యయము కర్తను తెలిపినది. మూడును క్రమము గలవే. ‘అడిగినాను’ అను రూపము నాలుకపై కుదించుకొని ‘అడిగాను’ అయినది. ‘అడిగిన’లో ఆ ‘న’ నేటికిని నిలిచియున్నది.

మరియొక విశేషము. గ్రాంథికమున ‘అడిగెను’ అన్నచో అడిగినది పురుషుడో స్త్రీయో తెలియదు. వాడుకలో ‘అడిగిండు’, ‘అడిగింది’ అని వేరుగా తెలియును. గ్రాంథికమున ‘మీరు అడిగితిరి’, ‘వారు అడిగిరి’ అని భేదము కలదు. వాడుకలో రెంటికిని ‘అడిగారు’ లేక ‘అడిగిన్రు’ ఒక్కటే. ఒకచోట పోయిన భేదము వేరొకచోట నిలిచినది.

ఇతర దేశముల భాషలను చూతము. ఇంగ్లీషులో ‘ఆస్క్‌డ్’ అను నొక్క రూపమే అందరికిని చెల్లును. కావున ముందు ‘ఐ’, ‘హి’ మొదలగు సర్వనామము తప్పక యుండవలెను. స్పానిష్ భాష మనవలె తుదనే కర్తను తెలుపును. వారి ‘ప్రెగుంతార్’ అనగా అడుగుట. తుది ‘ఆర్’ తీసివేసి ప్రత్యయములు చేర్చిన భూతకాల రూపములు వచ్చును: ప్రెగుంతే, ప్రెగుంతాస్తే, ప్రెగుంతో, ప్రెగుంతామోస్, ప్రెగుంతాస్తేఇస్, ప్రెగుంతారోన్. ‘ప్రెగుంతో’ మన ‘అడిగెను’ వలెనే స్త్రీపురుషభేదము తెలుపదు. ఇందు తుది అక్షరమును ఊని పలుకవలెను. నడిమి ‘గుం’ను ఊనినచో అర్థము ‘నేను అడుగుచున్నాను’ అని మారిపోవును.

మన ప్రాంతమున రెండు వాడుకలు వినబడుట వింతకాదు. పాల్వంచ 1948 వరకు నిజాము పాలనలో నుండెను. గోదావరి కావలనున్న భద్రాచలము పూర్వము మదరాసు రాజధానికి చెందియుండి, 1959లో తూర్పుగోదావరి జిల్లానుండి ఖమ్మము జిల్లాలో చేరెను. నేడు రెండును భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనివే. ఈ యడవిపట్టు కోయ బాలబాలికల యింటిభాషయు ద్రావిడ కుటుంబములోనిదే. అందును క్రియ తుదనే కర్త తెలియును. వాడుకభాషకై పాటుపడిన గిడుగు రామమూర్తి పంతులుగారు కొండజనుల సవరభాషను నేర్చి, దానిపై 1931లో గ్రంథము ప్రకటించిరి. ఇంటిమాటకును నియమము కలదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

కావున “నేను అడిగిన” అన్న బాలుడు తప్పు పలుకలేదు. తన యింటి వ్యాకరణమును చక్కగా పాటించెను. గ్రాంథికమున వ్రాయుమన్నప్పుడు ‘అడిగితిని’ అని వ్రాయుట నేర్వవలసినదే. అంతమాత్రమున ఇంటిమాటకు సిగ్గుపడనక్కరలేదు. తల్లిదండ్రులును తమ పిల్లల పలుకును చిన్నచూపు చూడకుందురు గాక. విద్యార్థులారా! సందేహము కలిగినప్పుడు మొదట అడుగుడు. రూపమును పిమ్మట సరిచూచుకొందము.