చందుపట్ల శిల చెప్పిన సంగతి

నల్లగొండ నుండి మిర్యాలగూడకు పోవు బాటలో మాడుగులపల్లి యను గ్రామము కలదు. ఆ ప్రాంతపు ఉన్నత పాఠశాలలలో చదువు బాలబాలికలకు చరిత్ర యనగానే ఢిల్లీ సుల్తానులు, మొగలు చక్రవర్తులు, ఓరుగల్లు కోట తలపునకు వచ్చుట సహజము. చరిత్ర ఎక్కడనో దూరమున జరిగినదనియు, దానిని పుస్తకములో చదివి సంవత్సరములను కంఠస్థము చేయుటయే తమ పనియనియు పలువురు విద్యార్థులు భావింతురు. ఈ రెండు భావములును సరియైనవి కావు. చరిత్ర వారి యిరుగుపొరుగుననే యున్నది. దానిని నేర్చుటకు జ్ఞాపకశక్తి కంటె విచారణశక్తి ముఖ్యము.

జరిగిపోయిన కాలము మరల రాదు. దాని ఆనవాళ్ళు మాత్రము మిగిలియుండును. శాసనములు, నాణెములు, తాళపత్రములు, కట్టడములు, యాత్రికుల వ్రాతలు, పెద్దల నోటిమాటలు అట్టి ఆనవాళ్ళు. న్యాయాధిపతి సాక్షులను విచారించునట్లు చరిత్రకారుడు వీనిని విచారించును. ఈ మాట చెప్పినవారెవరు? ఎప్పుడు చెప్పిరి? ఏల చెప్పిరి? కన్నులార చూచి చెప్పిరా, ఒకరు చెప్పగా విని చెప్పిరా? తక్కిన సాక్షులు ఏమనుచున్నారు? ఈ ప్రశ్నలే చరిత్రాధ్యయనమునకు పునాదులు.

ఈ విచారణ ఎట్లు సాగునో తెలిసికొనుటకు నల్లగొండ జిల్లాలోనే చక్కని నిదర్శనము కలదు. కాకతీయ గణపతిదేవుని తరువాత రుద్రమదేవి 1262 ప్రాంతమున రాజ్యభారమును వహించెను. ఆమె 1295 ప్రాంతము వరకు పాలించెనని పూర్వపు గ్రంథములు పెక్కు వ్రాసినవి. నకిరేకల్లు మండలములోని చందుపట్ల గ్రామమున లభించిన యొక శిలాశాసనము ఈ అభిప్రాయమును మార్చివేసినది. పువ్వుల ముమ్మడి యనునతడు దానిని వేయించెను. రుద్రమదేవియు, మల్లికార్జున నాయకుడును శివలోకమును పొందిరనియు, వారికి పుణ్యము కలుగుటకై దేవునకు భూమిని దానము చేసితిననియు అతడు అందు చెప్పించెను. శాసన పరిశోధకులు పి. వి. పరబ్రహ్మశాస్త్రి 1978లో వెలువడిన తమ కాకతీయ చరిత్రలో ఈ శాసనము యొక్క ప్రాముఖ్యమును వివరించిరి.

శాసనములోని కాలము శాలివాహన శకము 1211, విరోధి సంవత్సరము, మార్గశిర శుద్ధ ద్వాదశి. శకసంవత్సరమునకు 78 కలిపినచో క్రీస్తుశకము 1289 వచ్చును. పండితులు తిథిని గణించి అది నవంబరు 27వ తేది యని నిర్ణయించిరి. విరోధి యను పేరు అరువది యేండ్లకొకసారి తిరిగి వచ్చును. 1229లో వచ్చినది, 1289లో వచ్చినది, 2009లోను వచ్చినది. కావున పేరు మాత్రమే యున్నచో కాలము తేలదు. శకసంవత్సరము, ఆ పేరు, రెండును ఒకదానితో నొకటి సరిపోయినందున తేదిపై నమ్మకము బలపడినది.

ఈ సాక్షిని నమ్మవచ్చునా? శాసనము ఆ కాలమునందే వేయబడినది. దాత యొక్క ఉద్దేశము పుణ్యమే కాని చరిత్ర చెప్పుట కాదు. రాణి జీవించియుండగా ఆమె శివలోకమును పొందెనని నలుగురు చూచుచోట రాతిపై చెక్కించు సాహసము ఎవరును చేయరు. కావున ఆ దినమునకే రుద్రమదేవి మరణించియుండెనని నిశ్చయముగా చెప్పవచ్చును.

అయినను ఆ శిల చెప్పని సంగతులు కూడ కలవు. ఆమె ఏ దినమున మరణించినదో, ఎచ్చట, ఎట్లు మరణించినదో అందు లేదు. ఆ కాలమున కాయస్థ అంబదేవుడు కాకతీయులపై తిరుగబడియుండెను. 1290 నాటి త్రిపురాంతక శాసనమున అతడు తన విజయములను చాటుకొనెను. రాణియు, నాయకుడును ఒకే శాసనమున పేర్కొనబడుటచే వారిరువురు అంబదేవునితో జరిగిన యుద్ధమున మరణించియుందురని చరిత్రకారులు ఊహించిరి. ఇది యుక్తమైన ఊహ. కాని యిది శిలపై చెక్కిన మాట కాదు. తెలిసినదానికిని, ఊహించినదానికిని నడుమ గీత గీయుట నేర్చిన విద్యార్థి చరిత్రలో సగము నేర్చినవాడగును.

ఇక రెండవ సాక్షి వెనీసు యాత్రికుడు మార్కో పోలో. అతడు చీనా నుండి స్వదేశమునకు మరలుచు 1290 తరువాత హిందూదేశపు తీరమును చేరెను. మోటుపల్లి రేవుగల రాజ్యమును గూర్చి వ్రాయుచు, భర్త మరణించిన పిదప ఒక రాణి నలువదియేండ్లుగా న్యాయముగా పాలించుచున్నదని చెప్పెను. ఈ మాటలను శాసనములతో పోల్చి చూడవలెను. 1261 నాటి మల్కాపుర శాసనము రుద్రమదేవిని గణపతిదేవుని కుమార్తెగా పేర్కొనినది. మార్కో పోలో మాటను బట్టి చూచిన ఆమె గతించిన రాజునకు భార్య. నలువది యేండ్ల లెక్కయు నిలువదు. చందుపట్ల శిలను బట్టి చూచిన అతడు వచ్చునప్పటికి ఆమె జీవించియే లేదు.

అట్లయిన అతని గ్రంథమును త్రోసివేయవలెనా? అక్కరలేదు. అతడు రేవులలో విన్న మాటలను వ్రాసియుండును. వంశక్రమమునకు అతడు మంచి సాక్షి కాడు. కాని ఆ తీరమున దొరకు వజ్రములకు, సన్నని వస్త్రములకు, రాణి న్యాయపాలనకు గల ఖ్యాతికి అతడు మంచి సాక్షి. ఒక విషయమున పొరబడిన సాక్షి మరియొక విషయమున ఉపకరించును.

ఈ పద్ధతి రాజుల చరిత్రకే కాదు, ఇటీవలి చరిత్రకును వర్తించును. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటమునకు నల్లగొండ జిల్లా ముఖ్యస్థానము. ఆ దినములను చూచినవారు నేడు మిక్కిలి అరుదు. వారు చెప్పగా విన్న కుమారులు, మనుమలు ఊరూర కలరు. భూస్వామి యింట చెప్పుకొను కథ యొకటి, వెట్టిచాకిరి చేసినవారి యింట చెప్పుకొను కథ మరియొకటి. విద్యార్థి ఒక కథను మాత్రమే విని తీర్పు చెప్పరాదు. రెండును విని, ఎవరెచ్చట నిలిచి చూచిరో గుర్తించి, ఆనాటి వ్రాతలతో సరిచూడవలెను. వినినదానిని చెప్పినవారి పేరుతో, తేదితో వ్రాసియుంచవలెను.

రాళ్ళ విషయమునను జాగ్రత్త యవసరము. సూర్యాపేట చెంతనున్న పిల్లలమర్రి ఆలయములలో కాకతీయుల కాలపు శాసనములు నేటికిని నిలిచియున్నవి. కాని అన్ని రాళ్ళకును అట్టి భాగ్యము లేదు. పొలము గట్లపై పడియున్నవి కొన్ని, సున్నపుపూతలో మునిగినవి కొన్ని, మెట్లుగా మారి అరిగిపోవునవి కొన్ని. చందుపట్ల శిలను ఎవరైన పగులగొట్టి గోడలో పెట్టియున్నచో రుద్రమదేవి పాలన ఇంకను 1295 ప్రాంతమున ముగిసెననియే బాలురు చదువుచుందురు. తప్పని చెప్పువారును ఉండరు. కావున అక్షరములు గల రాయి కనబడినప్పుడు దానిని గీకరాదు, రంగు పూయరాదు, కదలింపరాదు. అది యున్న చోటును వ్రాసికొని ఉపాధ్యాయునకు తెలుపవలెను. వారు పురావస్తుశాఖకు తెలుపుదురు.

సంవత్సరములను జ్ఞాపకముంచుకొనుటయు మంచిదే. కాని 1289 అను అంకెను వల్లించువానికంటె, ఆ అంకె ఎట్లు తెలిసినదో చెప్పగలవాడు మేలు. అట్టివాడు పెద్దయైన పిదప ఎవరేమి చెప్పినను వెంటనే నమ్మడు, వెంటనే కాదనడు. సాక్ష్యమేది యని మర్యాదతో అడుగును.