నడుం నొప్పి బిళ్లకీ, కడుపులో బిడ్డ గుండెకీ ఏంటి సంబంధం?

మా నూజివీడులో మామిడి సీజన్ నడుస్తోంది. పోయిన వారం మా పెద్దమ్మ కూతురు వాట్సాప్‌లో ఒక బిళ్లల షీటు ఫొటో పెట్టింది. "తమ్ముడూ, ఇది మంచిదేనా? మెడికల్ షాపులో ఇచ్చారు." అక్కకి ఏడో నెల. పొద్దంతా కింద కూర్చుని రసాలు గ్రేడింగ్ చేస్తే నడుం పట్టేసింది. ఫొటో జూమ్ చేస్తే చిన్న అక్షరాల్లో ఉంది: అసెక్లోఫెనాక్, పారాసిటమాల్. షాపులో ఎన్నో నెల అని అడగలేదు, ఈవిడా చెప్పలేదు.

నాది బీటెక్, డాక్టర్ని కాదు. కానీ ఆ మొదటి పేరు చూసి వెంటనే ఫోన్ చేశా.

కడుపులో బిడ్డ ఊపిరితిత్తుల నిండా నీరే, ఆక్సిజన్ మాయ నుంచి వస్తుంది. అందుకే గుండె కుడివైపు రక్తంలో ఎక్కువ భాగం ఊపిరితిత్తులకి పోకుండా, ఒక చిన్న గొట్టం గుండా నేరుగా పెద్ద ధమనిలో కలుస్తుంది. దాని పేరు డక్టస్ ఆర్టీరియోసస్. మామిడి యార్డు తెరవకముందు లారీలు బైపాస్‌లో పోయినట్టు అనుకోండి. బిడ్డ పుట్టి ఏడ్చాక యార్డు తెరిచినట్టే. మామూలుగా రెండు మూడు రోజుల్లో బైపాస్ మూసుకుపోతుంది.

అప్పటిదాకా దాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. మన నొప్పిలో, వాపులో కూడా వాటి చెయ్యుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ వాటి తయారీనే ఆపుతాయి. ఆస్పిరిన్ ఇలా పనిచేస్తుందని 1971లో చూపించిన జాన్ వేన్‌కి 1982 నోబెల్‌లో వాటా దక్కింది. బిళ్లకి అమ్మ నడుమేదో, బిడ్డ గుండేదో తెలీదు కదా! మాయ దాటి వెళ్తుంది. బైపాస్ సన్నబడితే కుడి గుండె మీద ఒత్తిడి పెరుగుతుంది. ముదిరితే బిడ్డ ఒంటికి నీరు పట్టొచ్చు, పుట్టాక శ్వాస కష్టమవ్వొచ్చు. నెలలు నిండేకొద్దీ ఈ రిస్కు ఎక్కువ.

డాక్టర్ ప్రత్యేకంగా చెప్తే తప్ప 20 వారాల నుంచే వీటిని వాడొద్దని 2020 అక్టోబరులో అమెరికా ఎఫ్‌డీఏ చెప్పింది. అది బిడ్డ కిడ్నీలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గుతుందని. గుండె గొట్టం కోసం 30 వారాల హెచ్చరిక అంతకుముందే ఉంది. ఊళ్లో వేసే నొప్పి సూది కూడా చాలాసార్లు డైక్లోఫెనాకే. చేయి చాపేముందు ఎన్నో నెలో చెప్పండి. అన్నట్టు, బీపీ రిస్కుకి డాక్టర్ రాసిన చిన్న డోసు ఆస్పిరిన్ సంగతి వేరు. ఈ వీడియో చూసి దాన్ని మానేయకండి.

అక్క అప్పటికి రెండు బిళ్లలే వేసుకుంది. గైనకాలజిస్ట్ ఆపించి, స్కాన్‌లో ఉమ్మనీరు, ఆ గొట్టంలో రక్తం వేగం చూశారు. బాగానే ఉంది. సన్నబడినా, మందు ఆపితే చాలాసార్లు ఒకట్రెండు రోజుల్లో మళ్లీ తెరుచుకుంటుందట. నొప్పికి ఉత్త పారాసిటమాల్ రాశారు, అదీ అవసరమైనంతే. ఇప్పుడు అక్క కుర్చీలో కూర్చుని గ్రేడింగ్ చేస్తోంది, బుట్టలు మా బావ మోస్తున్నాడు.