మాంసధాతువు – రాలెడి కణములు

గత వేసవిలో వజ్రపుకొత్తూరు ప్రాంతమునుండి ఒక జీడితోట రైతు టెక్కలిలోని నా వైద్యశాలకు వచ్చెను. మూత్రపిండముల వ్యాధి సోకి కొన్నేండ్లైనది. చేతిలో రక్తపరీక్ష కాగితము, ముఖమున సంతోషము. "క్రియాటినిన్ తగ్గిపోనాది బాబూ. ఇంక మందులు మానేసి బలానికి లేహ్యం తింటాను" అనెను. కాగితమును చూచుటకు ముందు ఆయన భుజమును పట్టి చూచితిని. కండ కరిగి ఎముక తగిలినది. తగ్గినది రోగము కాదు, మాంసధాతువు. ఉద్దానంలో ఇంటింటికీ తెలియవలసిన విషయమిది.

గర్భస్థ శిశువునందు కండ ఏర్పడునప్పుడు మొదట ఏకకేంద్రకముగల మాంస బీజకణములు అసంఖ్యాకముగా పుట్టును. అవి విభజన మాని, వరుసగా చేరి, ఒకదానితో ఒకటి కలిసిపోయి అనేక కేంద్రకములుగల పొడవైన కండపోగు అగును. అట్లు పరిణతి చెందలేని కణములు కొన్ని తమంతట తామే క్రమముగా మరణించును.

ఈ మరణము గాయముచే కలుగునది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన కొబ్బరిచెట్లను కూల్చిన విధము వేరు, పండుటాకు తొడిమ వీడి రాలు విధము వేరు. రెండవదానివంటి కణమరణమునకు 1972లో శాస్త్రజ్ఞులు అపోప్టోసిస్ అని పేరిడిరి. ఆకులు రాలుట అనెడి అర్థముగల గ్రీకు పదమది. రాలు కణములు వ్యర్థము కావు. అవి తమ పొర వెలుపల చూపెడి గుర్తు ఇరుగు పొరుగు కణములను ఏకమగునట్లు ప్రేరేపించునని 2013లో వెల్లడైనది.

చరకసంహిత సూత్రస్థానమునందు స్వభావోపరమవాదము కలదు. పుట్టుటకు కారణము కావలెను గాని నశించుట స్వభావసిద్ధమని దాని సారము. ప్రాచీనులు కణములను చూచిరని నేననను. కాని క్షయము సృష్టిలో భాగమనెడి తలపు మనకు కొత్త కాదు.

ఈ పనికి సాధనము కాస్పేస్-3 అను ఎంజైము. ఇది మాంసకృత్తులను తునుమెడి కత్తెర. కండ పరిణతికి కూడ మితముగా ఇదే కత్తెర అవసరమని 2002లో కెనడా పరిశోధకులు చూపిరి. కాని మూత్రపిండములు చెడినప్పుడు రక్తమున ఆమ్లత పెరిగి, ఇన్సులిన్ పనితీరు మందగించి, శరీరమున వాపు నిలిచియుండును. అప్పుడు ఆ కత్తెరయే అకాలమున మేల్కొని, ఎదిగిన కండలోని ఆక్టిన్, మయోసిన్ పోగులను తెగగొట్టును.

ఇక క్రియాటినిన్ సంగతి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, 1927లో ఫిస్కేతో కలిసి కండలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొనిరి. దానినుండియు క్రియాటిన్ నుండియు వెలువడు మలినమే క్రియాటినిన్. కావున కండ కరిగినచో మూత్రపిండములు బాగుపడకున్నను ఆ అంకె తగ్గును. బరువు, చేతిపట్టు తగ్గుచు అంకె కూడ తగ్గినచో సంతోషింపరాదు. కండపై అంతగా ఆధారపడని సిస్టాటిన్-సి పరీక్షను గురించి వైద్యుని అడుగవలెను.

గృహస్థులు పాటింపవలసినవి:

రక్తములోని ఆమ్లతకు వైద్యుడిచ్చిన మందు మానరాదు. నడక, తేలిక బరువులెత్తుట వంటి వ్యాయామము వైద్యుని అనుమతితో నిత్యము చేయవలెను. మాంసకృత్తులు డయాలసిస్‌కు ముందు మితముగాను, డయాలసిస్ మొదలైన పిదప హెచ్చుగాను కావలెను. కావున ఒకరి పథ్యము మరొకరికి పనికిరాదు. పొటాషియం పెరిగినవారికి మన కొబ్బరినీళ్ళును ప్రమాదకరమే. లోహభస్మములు, తెలియని మూలికలు, నొప్పి మాత్రలు స్వయముగా వాడరాదు.

ఆ రైతు అడిగిన లేహ్యమును నేనీయలేదు. 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రికి చీటీ వ్రాసి పంపితిని. బలము కోరివచ్చిన రోగికి మందీయకుండుటయు ఒక్కొక్కప్పుడు వైద్యమే.