ఎండాకాలంలో బోన్సాయ్‌కి నీళ్లు: నాలుగు పద్ధతులు పెట్టి చూశాను



పొలంలో చెట్టుకి ఓ తడి తప్పినా వేరు కిందికి దిగి చెమ్మ వెతుక్కుంటుంది. రెండంగుళాల లోతు కుండీలో ఉన్న బోన్సాయ్‌కి దిగడానికి చోటేదీ? మే నెల ఎండకి ఆ కాస్త మట్టి మధ్యాహ్నానికే ఆరిపోతుంది. ఏళ్ల తరబడి పెంచిన చెట్టు ఒకటి రెండు రోజుల్లో మాడిపోవచ్చు.

అందుకని మా మేడ మీదున్న నాలుగు జువ్వి బోన్సాయ్‌లకి నాలుగు రకాలుగా నీళ్లు పెట్టి చూశాను. ఒకే వయసు, ఒకే సైజు కుండీలు, ఒకే ఎండ. ఉదయం, సాయంత్రం వంటింటి కాటా మీద తూచాను. తగ్గిన బరువు దాదాపు అంతా పోయిన నీరే కదా!

మొదటిది, పైనుంచి పోయడం. బాగా ఆరిన మట్టి నీటిని వెంటనే పీల్చుకోదు. నీళ్లు కుండీ అంచు వెంట జారి కింది రంధ్రంలోంచి పోతాయి. పైకి తడిసినట్టే ఉంటుంది గానీ కాటా మీద బరువు పెద్దగా పెరగలేదు. పది నిమిషాలాగి రెండోసారి పోస్తే అప్పుడు పీల్చుకుంది.

రెండోది, తొట్టిలో ముంచడం. బుడగలు ఆగేదాకా ఉంచితే మట్టి మధ్యదాకా తడుస్తుంది. కానీ రోజూ చేస్తే పైమట్టి కొట్టుకుపోతుంది.

మూడోది, సీసాలోంచి నూలు వత్తి. ఒకట్రెండు రోజులు ఊరెళ్లేటప్పుడు పనికొస్తుంది. అయితే మట్టి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. అడీనియం లాంటి వాటికి ఇది వద్దు, వేరు కుళ్లుతుంది.

నాలుగోది మనందరికీ తెలిసిన ఆచ్ఛాదనే. సన్నగా తరిగిన ఎండుగడ్డి అర అంగుళం పరిచి, పైనుంచి రెండు విడతలుగా నీళ్లు పోశాను. సాయంత్రం తూకంలో అన్నిటికంటే తక్కువ బరువు తగ్గింది దీనికే. గడ్డి మొదలుకి ఆనకుండా కొంచెం ఎడం ఉంచండి.

ఇప్పుడు నేను చేసేది ఇది. ఎండెక్కకముందే రెండు విడతలుగా నీళ్లు, పైన ఆచ్ఛాదన, మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా షేడ్‌నెట్ నీడ, మట్టి మరీ బిగిసిపోతే ఒకసారి ముంచడం. మధ్యాహ్నం తప్పనిసరై నీళ్లు పెట్టాల్సి వస్తే ముందు పైపులోని వేడినీళ్లు వదిలేయండి. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి.

అన్నిటికన్నా ముఖ్యం, గడియారం చూసి నీళ్లు పోయొద్దు. కాలిపోయిన అగరబత్తి పుల్ల మట్టిలో గుచ్చి, పది నిమిషాలాగి తీయండి. తడిగా వస్తే ఆగండి, పొడిగా వస్తే పోయండి. పొలమైనా కుండీ అయినా వేరుకి కావలసింది వాఫసే: చెమ్మా ఉండాలి, గాలీ ఆడాలి.

పుల్ల ఎంత లోతు గుచ్చాలో, గడ్డి ఎలా పరచాలో వీడియోలో చూపించాను. చింత, రావి పెంచేవాళ్లు మీ మేడ మీద ఏ పద్ధతి నిలబడిందో చెప్పండి.