చిన్నకారు అందని మానిపండేనా?

పెనుకొండ: బెంగళూరు-హైదరాబాదు రహదారి పక్కన, పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. కొత్త కార్లను మోసుకుపోయే పొడవాటి లారీలు చుట్టుపక్కల పల్లెల వారికి నిత్యం కనిపించేవే. అయితే మోటారు సైకిలు నుంచి కారుకు మారుదామనుకునే వేరుశనగ రైతుకో, ధర్మవరం నేతగాడికో అందే చౌక కారు ఇక్కడ తయారు కాదు. ఇక్కడి సోనెట్ 2020లో విడుదలైన నాడే ధర 6.71 లక్షల రూపాయల నుంచి మొదలైంది.

ఇది ఈ ఒక్క ఫ్యాక్టరీ తీరు కాదు. దేశమంతటా ఇదే వరస.

ఒక్కొక్కటే కనుమరుగు

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు ధర 50 వేల లోపే. మధ్యతరగతి ఇళ్ల ముందు కారు నిలిచింది దానితోనే. 2014 జనవరిలో దాని తయారీ ఆగింది. లక్ష రూపాయల కారుగా 2009లో వచ్చిన టాటా నానో పదేళ్లు తిరిగేసరికి కనుమరుగైంది. ఆల్టో 800 కూడా 2023లో ఆగిపోయింది. 2024-25లో దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో నూటికి 65 ఎస్‌యూవీల వంటి యుటిలిటీ వాహనాలే.

కారణమేమిటి?

2019లో ఏబీఎస్ బ్రేకులు, డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయ్యాయి. 2020 ఏప్రిల్ నుంచి పొగ తగ్గించే బీఎస్-6 నిబంధన వచ్చింది. 2022 నుంచి డ్రైవరు పక్క సీటుకూ ఎయిర్‌బ్యాగు ఉండాల్సిందే. ఇవన్నీ ప్రాణానికి, గాలికి మేలు చేసేవే. కాని ఆ ఖర్చు 15 లక్షల బండిలో కలిసిపోతుంది, 4 లక్షల బండి మీద బరువై కూర్చుంటుంది. చిన్నకారు మీద మిగిలే లాభమూ స్వల్పమే. కంపెనీలు పెద్ద బండ్ల వైపు మొగ్గడానికి ఇదే కారణం.

ఫలితం మాత్రం తలకిందులైంది. కారు కొనలేని కుటుంబం ఇద్దరెక్కాల్సిన మోటారు సైకిలు మీద నలుగురిని ఎక్కించుకుని పోతోంది. దానికి ఎయిర్‌బ్యాగూ లేదు, తలుపూ లేదు.

కొంత ఊరట

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నకార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అప్పుడు ఎస్‌ప్రెస్సో ప్రారంభ ధర 3.50 లక్షలకు, ఆల్టో కె10 ధర 3.70 లక్షలకు దిగాయి. జీవిత పన్ను, బీమా వీటికి అదనం.

అదీ అందని వారికి పాత కారే గతి. కొనేవారు 29, 30 ఫారాలతో ఆర్‌సీని వెంటనే తమ పేరుకు మార్పించుకోవాలి. బండి మీద అప్పు ఉంటే అది తీరినట్లు 35వ ఫారం అడిగి తీసుకోవాలి. బీమా కూడా తమ పేరుకు మారిందీ లేనిదీ చూసుకోవాలి. బేరంలో నాలుగు వేలు తగ్గించుకోవడం కంటే ఈ కాగితాలే ముఖ్యం.