పంచ్‌ విసిరితే అందం తగ్గదు!

‘బాక్సింగ్‌ నేర్చుకుంటా’ అని ఆడపిల్ల అడిగితే మన ఇళ్లలో మొదట వినిపించే మాట.. ‘ముక్కు పగిలితే పెళ్లెలా అవుతుంది?’. ముక్తేశ్వరంలోనైనా, అమలాపురంలోనైనా ఇదే బెంగ. నిజామాబాద్‌లో నిఖత్‌ జరీన్‌ తల్లి కూడా ఇలాగే భయపడ్డారు. సాధనలో అబ్బాయితో తలపడి, కమిలిన ముఖంతో ఇంటికొచ్చిన కూతుర్ని చూసి కన్నీళ్లు పెట్టుకున్నారు. నిక్కర్లు వేసుకుని ఆడటమేంటని చుట్టుపక్కల వాళ్లూ అన్నారు. తండ్రి జమీల్‌ అహ్మద్‌ మాత్రం వెనక్కి తగ్గలేదు.

2017లో భుజానికి గాయమై నిఖత్‌ చాన్నాళ్లు ఆటకు దూరమైంది. అయినా 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో దిల్లీలో ప్రపంచ ఛాంపియన్‌ అయ్యింది. అంతకుముందే 2008 ప్రపంచ పోటీల్లో విశాఖ అమ్మాయి నగిశెట్టి ఉష రజతం గెలిచింది. ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్‌ మొదలైంది 2012లో. అప్పుడు కాంస్యం గెలిచిన మేరీకోమ్‌ అప్పటికే కవల పిల్లల తల్లి!

మగరాయుడిలా అయిపోతారా?
కారు. కండలు బాగా పెరగడానికి కావాల్సిన టెస్టోస్టిరాన్‌ అమ్మాయిల్లో చాలా తక్కువ. సాధనతో ఒళ్లు గట్టిపడుతుందే తప్ప మగవారి ఆకారం రాదు. పైగా శిక్షణలో ఎక్కువ భాగం పరుగు, స్కిప్పింగ్‌, బ్యాగ్‌ మీద గుద్దటమే. వీటితో గుండె, ఊపిరితిత్తులు బలపడతాయి. ఎముకల బలం చాలావరకు టీనేజీలోనే సమకూరుతుంది కాబట్టి గెంతులు, పరుగులు ఆ వయసులో ఎంతో అవసరం. 5-17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ‘ఎండకు నల్లబడతావ్‌’ అని ఇంట్లో కూర్చోబెడితే నష్టపోయేది ఈ బలాన్నే.

భయపడాల్సింది దేనికి?
ముఖం మీద గీతకు కాదు, మెదడుకు తగిలే దెబ్బకు. అందుకే అమెరికన్‌ అకాడమీ ఆఫ్‌ పీడియాట్రిక్స్‌ పిల్లలకు, టీనేజీ వారికి పోటీ బాక్సింగ్‌ వద్దనే అంటుంది. ఇది అబ్బాయిలకూ వర్తించే మాటే. హెడ్‌గార్డ్‌ చర్మం చిట్లకుండా కాపాడుతుంది గానీ, మెదడు కుదుపును పూర్తిగా ఆపలేదు. దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, మగత, తికమక ఉంటే ఆ రోజు మళ్లీ రింగ్‌లోకి దిగకూడదు. వెంటనే డాక్టర్‌కు చూపించాలి. మీకు ఈ భయముంటే ఎదుటివారితో తలపడకుండా, బ్యాగ్‌తో సాధన వరకే చేయించొచ్చు. వ్యాయామ లాభాలన్నీ దానితోనూ దక్కుతాయి.

కడుపు మాడ్చొద్దు
బాక్సింగ్‌లో బరువును బట్టి విభాగాలుంటాయి. అందుకని తిండి, నీళ్లు మానేసి బరువు తగ్గడం ప్రమాదం. 2024 పారిస్‌ ఒలింపిక్స్‌లో 100 గ్రాముల అదనపు బరువుతో రెజ్లర్‌ వినేశ్‌ ఫొగాట్‌ ఫైనల్‌కు దూరమవటం, రాత్రంతా బరువు తగ్గడానికి తంటాలు పడి నీరసించడం మనకు తెలిసిందే. ఎదిగే పిల్లలను అసలే మాడ్చకూడదు. వరసగా మూడు నెలలు నెలసరి రాకపోతే తిండి సరిపోవడం లేదేమో చూసుకోవాలి, డాక్టర్‌ను కలవాలి.

మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) తేల్చింది. కాబట్టి సాధన మొదలెట్టేముందు హిమోగ్లోబిన్‌ పరీక్ష చేయించండి. కోనసీమలో చేపలకు, ఆకుకూరలకు కొదవేముంది? గుడ్డు, పప్పు, మునగాకు, తోటకూర రోజూ పెట్టండి. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూరల్లోని ఐరన్‌ ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ, కాఫీ వద్దు.

చేర్పించే ముందు..
* కోచ్‌కు శిక్షణార్హత ఉందా, అమ్మాయిలకు విడిగా బట్టలు మార్చుకునే గది ఉందా చూడండి.
* గ్లవ్స్‌, హెడ్‌గార్డ్‌, పళ్లకు మౌత్‌గార్డ్‌ తప్పనిసరి.
* తలకు దెబ్బ తగిలితే ఏం చేస్తారో కోచ్‌ను ముందే అడగండి. సరైన జవాబు రాకపోతే మరో చోటు చూసుకోండి.
* పెళ్లి మాట ఎత్తేవాళ్లకు ఒక్కటే చెప్పండి: ఇదే ప్రశ్న మా అబ్బాయిని అడుగుతారా?