లేయర్ కోళ్ళ దాణాలో వరి మిల్లు ఉపఉత్పత్తులు – ఎంజైముల వినియోగం

గుడ్ల ఉత్పత్తి వ్యయంలో అధిక భాగం దాణాదే. దాణాకు శక్తినిచ్చే ప్రధాన ధాన్యమైన మొక్కజొన్న ఇటీవలి సంవత్సరాలలో ఇథనాల్ తయారీకి కూడా తరలుతుండటంతో, దాని ధర కోళ్ళ రైతులకు భారమైంది. మరోవైపు మిర్యాలగూడ, నిజామాబాద్ వంటి ప్రాంతాల వరి మిల్లుల నుండి నూకలు, తవుడు సమృద్ధిగా లభిస్తున్నాయి. అయితే వీటన్నింటినీ ఒకే గాటన కట్టరాదు.

నూకలలో పీచు తక్కువ. శక్తి మొక్కజొన్నకు దగ్గరగా ఉంటుంది. కానీ పచ్చసొనకు రంగునిచ్చే వర్ణకాలు వీటిలో లేవు. తవుడులో 12–14 శాతం మాంసకృత్తులు, సుమారు 15 శాతం నూనె ఉంటాయి. పచ్చిబియ్యపు తవుడులోని లైపేజ్ అనే ఎంజైము వల్ల నూనె త్వరగా ముక్కిపోతుంది. ఉప్పుడు బియ్యపు తవుడులో ఆ ఎంజైము వేడికి నశిస్తుంది కనుక అది ఎక్కువకాలం నిలుస్తుంది. నూనె తీసిన తవుడు చవకైనది, నిల్వకు అనువైనది. కానీ శక్తి తక్కువ, పీచు ఎక్కువ.

ఉదాహరణకు కిలోకు 3,300 కిలోకేలరీలున్న మొక్కజొన్నను 10 శాతం తగ్గించి, 2,000 కిలోకేలరీలున్న నూనె తీసిన తవుడును చేర్చితే, కిలో దాణాలో 130 కిలోకేలరీలు తగ్గుతాయి. 2,600 కిలోకేలరీల దాణాను రోజుకు 110 గ్రాములు తినే కోడి, అదే శక్తి కొరకు సుమారు 116 గ్రాములు తినవలసి వస్తుంది. కిలో ధరలో కనిపించిన ఆదా ఈ అదనపు మేతలో కరిగిపోవచ్చు.

తవుడులోని భాస్వరంలో అధిక భాగం ఫైటేట్ రూపంలో ఉండటం వల్ల కోడికి అందదు. ఫైటేజ్ ఎంజైము దానిని విడుదల చేస్తుంది. దీనివల్ల 0.1 శాతం భాస్వరం అదనంగా లభిస్తే, టన్ను దాణాకు సుమారు 5 కిలోల డైకాల్షియం ఫాస్ఫేట్ తగ్గించవచ్చు. దానితోపాటు తగ్గే కాల్షియంను సుమారు 3 కిలోల సున్నపురాయితో పూరించాలి. లేనిచో పెంకు నాణ్యత దెబ్బతింటుంది. జైలనేజ్ వంటి ఎంజైములు కణకవచంలోని పీచును ఛేదించి, అందులో చిక్కుకున్న పోషకాలను కొంతమేర అందుబాటులోకి తెస్తాయి. అయితే పీచునంతటినీ శక్తిగా మార్చలేవు. రెండు ఎంజైములు వాడినప్పుడు ఒకే ప్రయోజనాన్ని రెండుసార్లు లెక్కించరాదు.

కావున తవుడులో ఊక కల్తీ, తేమ, బూజు విషాలను పరీక్షించిన పిమ్మటే దాణా సూత్రాన్ని రూపొందించాలి. మార్పును క్రమంగా, ముందుగా కొన్ని కోళ్ళలో అమలుచేసి, మేత వినియోగం, గుడ్ల సంఖ్య, బరువు, పెంకు నాణ్యతలను నమోదు చేయాలి. దాణా మార్పు లాభదాయకమో కాదో కిలో దాణా ధరను బట్టి గాక, ఒక్కొక్క గుడ్డుకయ్యే మేత ఖర్చును బట్టి నిర్ణయించాలి.